తెరచాప దూలమునకు ఊత



ఎద్దులను విప్పిన పిదప బండి ముందునకు వ్రాలకుండ నొగలక్రింద నొక కఱ్ఱను ఊతగా నిలుపుట మన పల్లెలలో నెల్లవారు నెఱిఁగిన పనియే. ఆ కఱ్ఱ జాఱినచో దానిక్రింద నాడుకొను పసివాని కేమగునో నేను చెప్పఁ బనిలేదు. నేఁడు నేను ముచ్చటింపఁ దలఁచిన వస్తువు సముద్రముమీఁదఁ దిరుగు తెరచాప పడవలోని యిట్టి యూతయే. దానిని ఇంగ్లీషువారు రిజిడ్ బూమ్ వ్యాంగ్ అందురు. మనము కడ్డీ వ్యాంగు అనుకొందము.

అమరమును, రఘువంశమును చెప్పుకొనుచు బ్రదుకు వెళ్లఁబుచ్చిన బడిపంతులునకు పడవల పనిముట్లతో నేమి పని యని మీకుఁ దోఁపవచ్చును. నా కూఁతురును అల్లుఁడును అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున అనపొలిసు పట్టణమందు కాపురమున్నారు. ఆ ప్రాంతమునఁ దెలుఁగువారు పెక్కురే కలరు గాని తెరచాప పడవ గలవారు మిక్కిలి తక్కువ. వీరికిఁ గలదు. ఉద్యోగము విరమించిన పిదప రెండు వేసవులు నేను వారియొద్దఁ గడపితిని. మొదటి వేసవిలో నా కడ్డీ లేకపోవుటచే నేమి జరిగినదో చూచితిని. రెండవ వేసవిలో దానిని బిగించుచుండఁగా పనిముట్లందించితిని.

అనపొలిసు చెసపీకు అఖాతపు టొడ్డున నున్నది. అమెరికా నౌకాదళపు విద్యాలయ మచట 1845లో నెలకొల్పఁబడినది. అఖాతము పొడవు సుమారు 200 మైళ్లు. లోఁతు మాత్రము, దానిలోఁ గలియు నదుల మొగలతోఁ గూడ లెక్కించిన, సగటున 21 అడుగులే. నీరు లోఁతు లేని చోట గాలి లేచినంతనే అలలు పొట్టివై నిలువుగా లేచును. పడవ ఊఁగుట హెచ్చగును. వేసవి సాయంకాలములందు పడమటి గట్టుమీఁద నల్లని మేఘము కమ్మి, చూచుచుండఁగనే గాలివాన విఱుచుకొని పడుట యచట సాధారణము. అట్టి వేళ చాపను దింపుటకుఁ గాని కుదించుటకుఁ గాని దొరకు సమయము కొన్ని నిమిషములే. ఈ సంగతిని మీరు మనస్సున నుంచుకొనవలెను.

ఇఁక పడవ యంగములను గూర్చి రెండు మాటలు. నడుమ నిలిచియుండు కొయ్యను అమరసింహుఁడు గుణవృక్షక మనెను. గుణమనఁగాఁ ద్రాడు; కావున నది త్రాళ్లచెట్టు. ఇప్పటి పడవలలో నది కొయ్యయే కాదు, లోన బోలుగా నుండు అల్యూమినియపు గొట్టము. పెద్ద చాప ముందంచు ఈ కొయ్యను అంటియుండును. చాప అడుగంచు పొడుగునఁ బడవ వెనుకవైపునకు సాఁగియుండు దూలమునకు బూమని పేరు. ఇది డచ్చివారి మాట. వారి భాషలో బూమనఁగాఁ జెట్టే! కొయ్యను చెట్టన్నది మన నిఘంటువు, దూలమును చెట్టన్నది వారి నాలుక. వ్యాంగు కూడ డచ్చిమాటయే. పట్టుకొనుట యను నర్థము గల క్రియ దానికి మూలము. చాపమీఁది దూలము ఇటునటు కొట్టుకొనకుండఁ బట్టియుంచు త్రాళ్లకు పూర్వ మీ పేరుండెడిది. బూము కొయ్యకుఁ దగులుకొను కీలునకు బాతుమెడ యని పేరు పెట్టిరి. మన కవులైనచో హంసకంఠ మనియుందురు.

మన తీరమున నేను చిన్ననాఁడు చూచిన నాటుపడవల చాపలకు అడుగున దూలము లేదు, క్రిందిమూలకుఁ ద్రాడే. దూలము లేనిచోట దూలము పడునను భయమును లేదు. పాశ్చాత్యుల పడవలలో దూలమెందులకన్న, చాప అడుగంచు చక్కఁగా విప్పారి గాలిని నిండుగాఁ బట్టుటకు. అది మేలే గాని ఆ మేలునకుఁ గొంత వెల యున్నది. ఆ దూలము మనుష్యుల తలలకు సరియైన యెత్తునఁ దిరుగుచుండును.

దూలము నటునిటు త్రిప్పుటకు వెనుక నొక త్రాడుండును. దానికి షీటని పేరు. షీటనఁగా దుప్పటి యనుకొని నేను మొదట చాపయే కాఁబోలు ననుకొంటిని, కాదు, త్రాడే. గాలి కెదురుగా వంపుతీయుచుఁ బోవునపుడు బూము పడవ నడిమికి వచ్చియుండును. అపుడా త్రాడు బూమును నేరుగాఁ గ్రిందికి లాగును. గాలి ప్రక్కనుండియో వెనుకనుండియో వీఁచునపుడు బూమును వెలుపలికి విడువవలెను. అపుడు త్రాడు ఏటవాలై బూమును లోపలికి లాగఁగలదు గాని క్రిందికి లాగలేదు. గాలి చాపను నింపి బూము కొనను పైకెత్తును. చాప వెనుకటంచు సడలి, పైభాగము మెలివడి, గాలి ఊరక జాఱిపోవును. పడవ ఒకప్రక్కనుండి యింకొకప్రక్కకు దొర్లుచుండును. ఇందులకై కొయ్య యడుగునుండి బూము నడిమిభాగమునకు ఏటవాలుగా నొక కప్పీల త్రాడు కట్టి, బూమును క్రిందికి బిగించిరి. అదియే వ్యాంగు. త్రాటి వ్యాంగు సులభము, చవుక. హైదరాబాదు హుస్సేను సాగరమునఁ బందెములకుఁ దిరుగు చిన్న లేజరు పడవలకును అట్టి త్రాడే యుండును.

అయితే త్రాడు లాగఁగలదు గాని నెట్టలేదు. చాప యెగురుచున్నంతసేపు బూమును చాపయే మోయును. చాప దింపిన మఱుక్షణమున దాని నెవరు మోయవలెను? కొయ్య శిఖరమునుండి బూము కొనదాఁక వేఱొక త్రాడు వ్రేలాడఁగట్టి దానిచే మోయింతురు. టాపింగు లిఫ్టని దాని పేరు, ఎత్తుత్రాడందము. దీనిలో దోషములు రెండు. చాప యెగురుచున్నపుడు ఇది వదులై, చాప వెనుకటంచును రాత్రింబవళ్లు ఱాచుచుఁ గుట్లను అరగదీయును. అది చిన్న దోషము. చాప దింపుటకు ముందు ఒకరు జ్ఞాపకముంచుకొని దీనిని బిగింపవలెను. మఱచిరేని, లేక త్రాడు శిథిలమై యుండెనేని, బూము నెత్తిమీఁదికి వచ్చును. ఇది పెద్దది.

మొదటి వేసవిలో జూలై మాసమున నొకనాఁటి సాయంకాల మిట్లే జరిగినది. పడమట మేఘము లేచినది. మా యమ్మాయి చుక్కానిచక్రమును పట్టుకొనియుండెను. (ఆఁడుపిల్ల చుక్కాని పట్టుటయా యని మీలోఁ బెద్దలు కొందఱు నవ్వవలదు. 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేఱి భూమిని చుట్టి 2018 మే మాసమునఁ దిరిగి చేరిన మన నౌకాదళపు పడవ తారిణిలో నున్న యాఱుగురును స్త్రీలే. వారిలో స్వాతి విశాఖపట్టణమునకును, ఐశ్వర్య హైదరాబాదునకును చెందినవారు.) అల్లుఁడుగారు ముందునకుఁ బోయి చాప నెగురవేయు త్రాటిని విడిచిరి. చాప దిగినది, బరువంతయు ఎత్తుత్రాటిమీఁదఁ బడినది, కొయ్య శిఖరమున ఎండకు మాఁడి, ఒరసికొని, ఎవరికిని గనఁబడకుండ నరిగియున్న యా త్రాడు పుటుక్కున తెగినది. బూము కొన చక్రముమీఁదఁ బడి చక్రపు కమ్మి వంగిపోయినది. అమ్మాయి వంగి వేఱొక త్రాటి నందుకొనుచుండుటచేఁ దల తప్పినది గాని ముంజేయి తప్పలేదు. ఎముక విఱుగలేదు, పది దినములు వాఁచియుండెను. వానలో ఇంజనుతో ఇల్లు చేరితిమి. ఆ రాత్రి నేను భోజనము చేయలేదు.

మఱునాఁడు అల్లుఁడుగారు, “మామయ్యగారూ, క్రొత్తత్రాడు కట్టినఁ జాలును, ఏఁటేఁట మార్చుచుందము” అనిరి. అమ్మాయి ఒప్పుకొనలేదు. “నాన్నగారూ, మీరే చెప్పుఁడు. రాత్రివేళ ఆయన నిదురించుచుండ నేనొక్కతెను చాపను కుదింపవలసివచ్చినపుడు, ముందుగా ఆ త్రాడు బిగించితినా లేదా యని చీఁకటిలో వెదకుకొనవలెనా?” అని నన్నడిగినది. నేను కూఁతురి పక్షమే వహించితిని. కూఁతురనుటచేఁ గాదు, ఆమె వాదమున హేతువున్నది. ఎల్లవేళల నంతట నదియే పనిచేయు నూతకును, జ్ఞాపకముంచుకొనిననే పనిచేయు నూతకును చాల భేదము కలదు. త్రాడు రెండవ తెగకుఁ జెందినది.

కడ్డీ వ్యాంగనఁగా నొకదానిలో నొకటి జొరఁబడు రెండు గొట్టములు. లోన బలమైన స్ప్రింగుండి వానిని ఎల్లపుడు విడఁదీయఁ జూచుచుండును. వెలుపలనుండు కప్పీల త్రాడు వానిని దగ్గఱకు లాగును. త్రాడు బిగించిన బూము దిగును. విడిచిన స్ప్రింగు దానిని పైకెత్తి అచటనే నిలుపును. కొందఱు ఉక్కుచుట్టల స్ప్రింగును, కొందఱు మోటారుకారు వెనుకతలుపును ఎత్తిపట్టునట్టి వాయువు నింపిన గొట్టమును వాడుదురు. గాజునారతోఁ జేసిన రెండు బద్దలను విల్లువలె వంచి, ఆ విల్లు చాఁగుటచేతనే బూమును మోయించు పద్ధతియుఁ గలదు. వాయువు కొన్నియేండ్లకు మెల్లఁగాఁ గాఱిపోవును. అది పోవుచున్నట్లు పైకిఁ దెలియదు. ఉక్కుచుట్ట బరువైనది గాని దాని బాధ చెవికి వినఁబడును, కంటికిఁ గనఁబడును. వా రుక్కుచుట్టనే తెప్పించిరి. నా యభిప్రాయమును నదియే.

ఎంత బలముగల స్ప్రింగు కావలెనో లెక్క కట్టుట నా వంతు వచ్చినది. ఏతము త్రొక్కినవారి కీ లెక్క అనుభవమున నున్నదే: ఇరుసునకు దగ్గఱగాఁ బట్టిన బలము హెచ్చు కావలెను, దూరముగాఁ బట్టినఁ దక్కువ చాలును. బూము పొడవు 4 మీటర్లు. దానిపై మడచిన చాపతోఁ గూడ బరువు 48 కిలోలు. ఆ బరువు నడుమ, అనఁగా బాతుమెడకు 2 మీటర్ల దూరమున, ఉన్నదనుకొనవచ్చును. కడ్డీ తగులుకొను చోటు 1.2 మీటర్ల దూరమున. 48ని 2చే గుణించి 1.2చే భాగించినచో 80 వచ్చును. నిలువుగా నెత్తుటకు 80 కిలోల బలము కావలెను. కడ్డీ నిలువుగా లేదు, 45 డిగ్రీల వాలున నున్నది. కావున దాని పొడవునఁ గావలసిన బలము 113 కిలోలు. వాలు 30 డిగ్రీలే యైనచో 160 కిలోలగును. 48 కిలోల దూలమునకు 160 కిలోల నెట్టుడు! ఇందుచేతనే కడ్డీ క్రిందికొనను వీలైనంత క్రిందుగా, పడవ తట్టునకు దగ్గఱగా, బిగింతురు. బూమును క్రిందికి లాగునపుడును ఈ న్యాయమే. ఆ లాగుడులోఁ గొంతభాగము బూమును కొయ్యవైపునకు నెట్టును గనుక బాతుమెడ కీలును గట్టిదై యుండవలెను. వారు మొదట ఆ కీలునే విప్పి, అరిగిన చీలను మార్చిరి.

బిగించుటలోఁ గల సూక్ష్మమంతయు నొక్క గీతలో నున్నది. బూము ప్రక్కలకుఁ దిరుగునపుడు బాతుమెడ చుట్టు తిరుగును; కడ్డీ తన క్రిందికీలు చుట్టు తిరుగును. ఈ రెండు కీళ్లును ఒకే గీతమీఁద, ఒకదానిక్రింద నొకటి, ఉండవలెను. క్రిందికీలు ముందునకో వెనుకకో తప్పెనేని, బూమును వెలుపలికి విడిచినపుడు కడ్డీ తనంతట బిగియుటయో సడలుటయో జరుగును; కొన్నాళ్లకుఁ గీలు విఱుగును. నేను తాపీపనివారి గుండు వ్రేలాడఁదీసి చూడవచ్చుననఁగా అల్లుఁడుగారు నవ్వి, నీటిపై గుండు నిలువదనియు, కొయ్యయే కొంచెము వెనుకకు వాలియుండుననియుఁ జెప్పిరి. కొయ్యమీఁది చాపగాడికి నిడుపాటి బద్దయొకటి ఆనించి దానిననుసరించి గుఱుతు పెట్టిరి. ఆ పద్ధతి సరియైనది.

పిదప చాప నెగురవేయు త్రాటితోనే బూము కొనను వ్రేలాడఁదీసి కావలసిన యెత్తున నిలిపిరి: ఏ బలమును లేనపుడు కొన మట్టముకంటె 8 అంగుళములు పైకి, నిలుచున్న మనుష్యుని తలకు మీఁదుగా. ఆ స్థితిలోఁ గడ్డీ పొడవు కొలిచిరి. బూమును పూర్తిగా బిగించినపుడు అది దిగవలసిన మేర యెంతయో, అంతవఱకు గొట్టములు ఒకదానిలో నొకటి దూఱుటకుఁ జోటున్నదా యనియుఁ జూచిరి. చోటు లేనిచో లోని గొట్టము అడుగునకుఁ దగిలి కడ్డీ నిజముగాఁ గఱ్ఱయే యగును. త్రాడెంత లాగినను బూము దిగదు. అన్నియు సరిచూచిన తరువాత గొట్టమును ఱంపముతోఁ గోసిరి. కొయ్యకుఁ దగిలించు పట్టీ మాత్రము ఆ పూఁట బిగియలేదు. దానిని బంపిన అంగడివారు వేఱొక కొయ్య వంపునకుఁ దగినది పంపిరి. మార్చి పంపుటకు మూఁడు వారములు పట్టినది. వేసవి ఆ దేశమునఁ జిన్నది. మూఁడు వారములనఁగా మాటలు కావు.

రంధ్రములు పొడుచుటలో నేను వారి నోర్పును మెచ్చుకొంటిని. కొయ్య గోడ దళసరి 4 మిల్లీమీటర్లే. దానిలోపల త్రాళ్లును, శిఖరముమీఁది దీపపు తీఁగెలును ఉన్నవి. బరమా హఠాత్తుగా లోనికిఁ బోయి వానిని కోయకుండ దాని ముక్కునకు, కావలసినంత మాత్రమే విడిచి, ఒక కట్టు బిగించిరి. 6 మిల్లీమీటర్ల మరమేకునకు 5 మిల్లీమీటర్ల రంధ్రము పొడిచి, మిగిలిన మిల్లీమీటరులో మరలు కోసిరి. రంధ్రము లన్నియు నొకే వరుసలో అడ్డముగా వచ్చినచో ఆ గీతవెంట కొయ్య బలహీనమగును గనుక పట్టీలో రంధ్రములు ఎగుడుదిగుడుగా నుండును. మేకులు పొట్టివి; లోన ములుకులై నిలిచి త్రాళ్లను కోయవు. బూము లోపలను చాపకుదింపు త్రాళ్లు పరువిడుచుండును గనుక అచటను ఇదే జాగ్రత్త.

ఇచట మఱియొక శత్రువు కలదు. మేకులు తుప్పుపట్టని యుక్కువి, కొయ్య అల్యూమినియము. ఉప్పునీటి తడిలో నీ రెండును తాఁకినచో అది యొక విద్యుద్ఘట మగును; అల్యూమినియము కరఁగి తెల్లని బూడిదయై పోవును, మేకు రంధ్రమున గట్టిపడి విప్పుటకు రాదు. భోజునిపేరఁ బరఁగు యుక్తికల్పతరువున సముద్రపు నావల పలకలను ఇనుముతోఁ గూర్పరాదని నిషేధము కలదు. నీటిలోని అయస్కాంతశిలలు ఆ యినుమును లాగునని కారణము చెప్పఁబడినది. ఆ కారణమును నేఁడెవరును నమ్మరు. అయినను ఉప్పునీటిలో లోహమును నమ్మరాదన్న మాట నిలిచియేయున్నది. వారు ప్రతి మేకునకును లోహములు తాఁకకుండఁ జేయు లేపనము పూసి, పట్టీక్రింద పలుచని ప్లాస్టికు రేకు నుంచి బిగించిరి.

కప్పీల త్రాటి కొనను మాత్రము చుక్కాని పట్టువారి చేతికందునట్లు వెనుకకుఁ దెచ్చిరి. దీనికిఁ గారణము ప్రాణముతో ముడిపడినది. వెనుకగాలిలోఁ బడవ దొర్లినపుడు వెలుపలికిఁ జాఁచిన బూము కొన నీటిలో మునుఁగవచ్చును. వ్యాంగు సడలియున్నచో బూము పైకి లేచి తప్పించుకొనును. బిగిసియున్నచో నీరు కొనను వెనుకకు లాగును, కడ్డీ నడుమను క్రిందికిఁ బట్టియుంచును. బూము కడ్డీ తగులుకొన్న చోటనే విఱుగును. కావున నొక్క లాగుడుతో విడిపోవు బిగువులో ఆ త్రాడుండవలెను. ఇంకొకటి: ఈ కడ్డీ బూమును పైకిని క్రిందికిని పట్టునే కాని, ప్రక్కలకు విసరిపోకుండ నాఁపదు. గాలి వెనుకదెస మాఱినపుడు బూము ఒకప్రక్కనుండి వేఱొకప్రక్కకు గదవలె వచ్చును. దాని నాఁపుటకు బూము కొననుండి పడవ ముందునకు వేఱుత్రాడు కట్టవలెను. ఆ త్రాటిని కడ్డీపట్టీకే కట్టుట కొందఱి యలవాటు. నడుమఁ గట్టినచోఁ బైఁ జెప్పినట్లే బూము అక్కడ విఱుగును.

బిగించిన పదునొకండవనాఁడు గాలి 20 మైళ్లు దాఁటి వీఁచుచుండఁగా బయలుదేఱితిమి. అల్లుఁడుగారు కావలెనని క్రిందిగదిలోఁ గూర్చుండిరి. అమ్మాయి యొక్కతెయే చాపత్రాటిని కొలఁదిగా విడిచి, కుదింపుత్రాడు లాగి, మరల చాపత్రాడు బిగించినది. బూము దిగలేదు, కొట్టుకొనలేదు, తనచోటనే నిలిచియుండెను. నేను గడియారము చూచితిని. నాలుగు నిమిషములు పట్టలేదు. అల్పమైన గాలిలో వేఱొక గుణమును గంటిని. తొల్లి బూము బరువే చాప వెనుకటంచును సాగదీసి పలకవలెఁ జేసెడిది. ఇపుడు స్ప్రింగా బరువును మోయుటచే చాప నింపాదిగాఁ బొంగి, నీరు కదలని వేళఁగూడ పడవ నడచినది.

పాత యెత్తుత్రాడు తెగిపోయెను గదా. దాని స్థానమున వారొక సన్నని క్రొత్తత్రాటిని శిఖరమునుండి దింపి కొయ్యకుఁ గట్టి యుంచిరి. స్ప్రింగు పోయిననాఁడు బూమును మోయుటకు, చాపత్రాడు తెగిననాఁడు చాప నెగురవేయుటకు అది యక్కఱకు వచ్చునఁట. ప్రతి యేఁటను వసంతమున నొకరు కొయ్య యెక్కి ఆ త్రాటి పైకొనను చేతితోఁ దడవి చూడవలెనని అమ్మాయి పడవ పుస్తకములో వ్రాసికొన్నది.